అన్నీ బోర్డర్ లోనే ఉన్నాయి, మరి రెండు రకాల టాబ్లెట్లు ఎందుకు రాసినట్టు? (గుంటూరు, 46 ఏళ్ళు)

మిర్చికొట్టు_గుమాస్తా:

అందరికీ నమస్తే అండి. నాకు 46 ఏళ్ళు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. పోయిన వారం మా ఓనరుగారు కొట్లో అందరికీ బ్లడ్ టెస్టులు చేయించారు, ఆ రిపోర్టులు పట్టుకుని కొత్తపేటలో ఒక డాక్టరుగారి దగ్గరికెళ్తే ఆయన ఒకేసారి రెండు రాశారు, బీపీకి ఒకటి కొలెస్ట్రాల్ కి ఒకటి, సిగరెట్ అయితే ఈ రోజే ఆపెయ్యమన్నారు.

నాకర్థం కానిదేంటంటే నాకు ఏదీ మరీ ఎక్కువ లేదు. బీపీ 146/92, మూడు నెలల షుగరు 6.1, అంటే షుగరు వచ్చినట్టు కాదంట రాబోయే ముందు దశ అంట, మొత్తం కొలెస్ట్రాల్ 224, అందులో చెడ్డదనే ఎల్‌డీఎల్ 146, మంచిదనే హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 210, నడుం కొలత 98 సెంటీమీటర్లు. సిగరెట్లు రోజుకి ఐదారు, సీజన్లో ఇంకో రెండు ఎక్కువ. ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ తీసే టీఎంటీ కూడా చేయించాను, నార్మల్ అని వచ్చింది. మా బావ రిపోర్టులన్నీ చూసి "యార్డులో బీపీ 140 లేనోడు ఎవడున్నాడు చెప్పు, అన్నీ బోర్డరే కదా, టీఎంటీ నార్మల్ వచ్చాక ఇంకేంటి భయం, ఒక్కసారి టాబ్లెట్ మొదలెడితే ఇక జీవితాంతం వాడాలి, ముందు ఒక మూడు నెలలు వాకింగ్ చెయ్యి" అన్నాడు. మా ఆవిడేమో డాక్టరుగారు చెప్పింది వినాల్సిందే అంటోంది.

ఇంకొకటి, ఇది రాయాలా వద్దా అనుకున్నాను. మా నాన్న 52 లో పోయారు. పొలంలో మిరపకి మందు కొట్టి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నారు, గుండెల్లో ఏదోగా ఉంది అన్నారు, అంతే. నాకు ఇంకో ఆరేళ్ళకి ఆ వయసొస్తుంది. అందుకే అడుగుతున్నా, ఇట్టా కొంచెం కొంచెం అన్నీ ఉంటే మొత్తం కలిపి ఎంత ప్రమాదం అని లెక్క కట్టే పద్ధతేమన్నా ఉందా, ఉంటే ముందు ఏది పట్టుకోవాలి? డాక్టరుగారి దగ్గర బయట ముప్పై మంది ఉన్నారు, ఇంకేం అడగలేకపోయాను.

పటమట_తమ్ముడు:

అన్నా మీ నంబర్లు చూస్తుంటే మా అన్నయ్య రిపోర్టు చూసినట్టే ఉంది. ఆటోనగర్లో లారీ బాడీ షెడ్డు ఆయనది, బీపీ 150 దగ్గర, కొలెస్ట్రాల్ 230 దగ్గర, సిగరెట్లు, షుగరు బోర్డర్, మేమందరం బోర్డరే కదా అనే అనుకున్నాం, ఆయన ఏ మందూ వాడలేదు. 49 లో ఒక రాత్రి పదకొండింటికి ఛాతీ బరువుగా ఉందన్నాడు, ఎడమ చేయి లాగుతోందన్నాడు, సాయంత్రం బజ్జీలు తిన్నాం కాబట్టి గ్యాస్ అనుకుని సోడా తాగించాం, వాము నమిలించాం, పొద్దున మూడింటికి చెమటలు పట్టి కూలబడితే అప్పుడు 108 కి ఫోన్ చేశాం. స్టెంట్ వేశారు, బతికాడు, కానీ ఆ నాలుగు గంటల్లో గుండె కండరం చాలా దెబ్బతింది, ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం, షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఆ సోడా నేనే తెచ్చాను, అది ఇప్పటికీ మర్చిపోలేను.

మీ నాన్నగారి సంగతి డాక్టరుగారికి చెప్పారా? అది చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా లెక్క తప్పుతుంది.

ఫిజీషియన్_బెజవాడ:

నేను విజయవాడలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తానండి. మిమ్మల్ని చూడకుండా మందు మార్చమనీ ఆపమనీ చెప్పను, కానీ మీరడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న, ఓపీలో దీనికి టైం దొరకదు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను.

మీ బావగారు చేసిన పొరపాటు ఒక్కటే, ఒక్కో నంబరునీ విడివిడిగా చూశారు. గుండె రక్తనాళానికి ఇవి విడివిడిగా తెలియవు. బీపీ నాళం లోపలి పొరని గీరుతుంది, సిగరెట్ పొగ దాన్నే దెబ్బతీస్తుంది, షుగరు దాన్నే పాడుచేస్తుంది, ఆ దెబ్బతిన్న చోట ఎల్‌డీఎల్ లోపలికి దూరి పేరుకుంటుంది. నాలుగూ ఒకే గోడ మీద పనిచేస్తున్నాయి. అందుకే వీటి ప్రమాదం కూడికలా కాదు, దాదాపు గుణకారంలా పెరుగుతుంది.

దీనికి గట్టి ఆధారం ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం, 2004 లో వచ్చింది, కేరళలో పుట్టిన సలీం యూసుఫ్ గారు నడిపారు, మన దేశంతో సహా 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన 15 వేలమందిని, రాని మరో 15 వేలమందితో పోల్చి చూశారు. అందులో సిగరెట్ ఒక్కటే ఉంటే ప్రమాదం దాదాపు 2.9 రెట్లు, షుగరు వ్యాధి ఒక్కటే ఉంటే 2.4 రెట్లు, బీపీ ఒక్కటే ఉంటే 1.9 రెట్లు. మూడూ ఒకే మనిషిలో ఉంటే? కూడితే 7 వస్తుంది, కానీ వాళ్ళకి తేలింది 13 రెట్లు. మీరు లెక్కలు రాసే మనిషి, ఆ మూడూ గుణించి చూడండి, 13 కే వస్తుంది. ఇది మీ నంబరు కాదు, మీకింకా షుగరు వ్యాధి రాలేదు, కానీ లెక్క నడిచే దారి ఇదీ. అదే అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వచ్చింది, మిగతా దేశాల వాళ్ళకి దాదాపు 59 కి. ఆ తేడాకి పెద్ద కారణం, ఈ ప్రమాద కారణాలే మనవాళ్ళకి చిన్న వయసులోనే ఎక్కువగా ఉండటం.

ఇక లెక్క కట్టే పద్ధతి ఉందా అంటే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో ప్రాంతాలవారీగా రంగుల చార్టులు కొత్తగా తయారుచేసింది, దక్షిణాసియాకి విడిగా ఉంది, 40 నుంచి 74 ఏళ్ళవాళ్ళకి. వయసు, ఆడా మగా, సిగరెట్, పై బీపీ, షుగరు ఉందా లేదా, మొత్తం కొలెస్ట్రాల్, ఇవి చూసి గడి వెతుక్కుంటే వచ్చే పదేళ్ళలో గుండెపోటో పక్షవాతమో రావడానికి ఎంత శాతం అవకాశమో చెబుతుంది. 5 లోపు ఆకుపచ్చ, 5 నుంచి 10 పసుపు, 10 నుంచి 20 నారింజ, ఆపైన ఎరుపు, ఇంకా ముదురు ఎరుపు. ఆ చార్టులో కొలెస్ట్రాల్ మన ల్యాబ్ యూనిట్లలో ఉండదు, మీ 224 ని 38.67 తో భాగించుకోండి, 5.8 వస్తుంది, అది పెట్టి చూడాలి. రక్తపరీక్ష లేనివాళ్ళ కోసం బరువు, ఎత్తుతో చూసే చార్టు కూడా ఉంది.

చార్టులో మీరు పసుపులో పడొచ్చు, చూసి "పది లోపేగా" అనుకుంటారేమో, దయచేసి అక్కడ ఆగకండి. చార్టుకి మీ నాన్నగారు తెలియదు. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెజబ్బు వచ్చిందంటే అది బలమైన విషయం, మీ నాన్నగారిది 52. హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్స్ 210, నడుం 98 ఇవి కూడా చార్టులో లేవు, మన మగవాళ్ళకి నడుం 90 లోపు ఉండాలి. షుగరు ముందు దశని ఆ చార్టు షుగరు లేనట్టే లెక్కేస్తుంది. ఇంకోటి, 46 ఏళ్ళ మనిషికి పదేళ్ళ ప్రమాదం వయసు వల్లే తక్కువ కనిపిస్తుంది, ఇవే నంబర్లు 60 ఏళ్ళ మనిషివైతే గడి ఇంకా ముదురు రంగులోకి పోతుంది. మీరు ఉండాల్సింది ఇంకో పదేళ్ళే కాదు కదా.

టీఎంటీ గురించి. అది నార్మల్ వస్తే సంతోషమే, కానీ అది రక్తనాళం బాగా మూసుకుపోయి ఉంటే, సుమారు 70 శాతం పైన, అప్పుడు పట్టుకునే పరీక్ష. చాలా గుండెపోట్లు 40, 50 శాతం పేరుకున్న చోట ఆ పూత చిట్లి, దాని మీద గడ్డ కట్టి వస్తాయి. నిన్న టీఎంటీ నార్మల్ వచ్చినవాళ్ళకి వచ్చే ఏడాది గుండెపోటు రావొచ్చు. ప్రమాద లెక్కకి టీఎంటీ సమాధానం కాదు.

ముందు ఏది అన్నారు. సిగరెట్. ఐదారేగా అనుకోవద్దు, రోజుకి ఒక్క సిగరెట్ తాగినా 20 తాగేవాడికి గుండె విషయంలో వచ్చే అదనపు ప్రమాదంలో దాదాపు సగం ఉంటుందని 2018 లో చాలా అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. తగ్గించడం కాదు, మానెయ్యడమే. మానేసిన ఏడాదికి ఆ అదనపు ప్రమాదం సుమారు సగానికి పడిపోతుంది.

అసలు మంచి వార్త ఏంటంటే గుణకారం కిందికి కూడా పనిచేస్తుంది. పై బీపీ 10 తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 20 శాతం తగ్గుతాయి. ఎల్‌డీఎల్ 39 తగ్గితే సుమారు 22 శాతం తగ్గుతాయి. అంటే 100 ప్రమాదం ఉంటే బీపీతో 80, ఆ 80 మీద ఎల్‌డీఎల్ తో 62. ఏదీ సున్నా చెయ్యక్కర్లేదు, అన్నిటినీ కాస్త కాస్త దించితే చాలు. మీ డాక్టరుగారు ఒకేసారి రెండు ఎందుకు రాశారో ఇప్పుడు అర్థమయ్యిందనుకుంటాను.

సహజ_జీవనం:

డాక్టరుగారికి గౌరవంతోనే చెప్తున్నా, కానీ స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ కి రాసే ఆ టాబ్లెట్, వాడితే షుగరు వస్తుందని, కండరాలు పట్టేస్తాయని చాలామంది చెప్తున్నారు. ఈ అన్నకి షుగరు ఇప్పటికే 6.1 కదా, ఆ టాబ్లెట్ తో అది 6.5 దాటితే ఎవరిది బాధ్యత? మా మావయ్య ఆరు నెలలు వాడి కాళ్ళ నొప్పులని ఆపేశాడు, బానే ఉన్నాడు. ముందు తిండి మార్చుకుని చూడటంలో తప్పేముంది?

ఫిజీషియన్_బెజవాడ:

తప్పేం లేదండి, తిండి మార్చాల్సిందే, మందు వాడినా మార్చాల్సిందే. షుగరు మాట నిజం, స్టాటిన్ వల్ల షుగరు వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది, అది ముఖ్యంగా ఇప్పటికే అంచు మీద ఉన్నవాళ్ళకి. కానీ వాళ్ళకే గుండెపోటు ప్రమాదం కూడా ఎక్కువ, తగ్గే గుండెపోట్లతో పోలిస్తే ఆ నష్టం చిన్నది, ఆరు నెలలకోసారి మూడు నెలల షుగరు చూసుకుంటూ ఉండొచ్చు. నొప్పుల విషయం, స్టాటిన్ తో నొప్పులని మానేసినవాళ్ళకే కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్త పిండి గోళీ, ఏది ఏదో తెలియకుండా ఇచ్చి చూశారు, మందుతో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం పిండి గోళీతోనూ వచ్చింది. ఆ నొప్పి అబద్ధం అని నేననను, నిజంగా కండరాలు దెబ్బతినే వాళ్ళు కొద్దిమంది ఉంటారు, నొప్పి గట్టిగా ఉన్నా మూత్రం ముదురు రంగులో వస్తున్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి. డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. ఎవరికీ చెప్పకుండా ఆపెయ్యడం ఒక్కటే వద్దు. మీ మావయ్యగారిని కూడా ఒకసారి ఎల్‌డీఎల్ చూపించుకోమనండి.

మూడు నెలలు ఆగడం గురించి కూడా. ఒక్క కొలెస్ట్రాలే కాస్త ఎక్కువుండి, సిగరెట్ లేక, ఇంట్లో చరిత్ర లేకపోతే నేనే మూడు నెలలు ఆగుదాం అంటాను. ఇక్కడ అట్టా లేదు.

బ్రాడీపేట_పద్మ:

అన్నయ్యగారూ, మా వారికి రెండేళ్ళ కింద ఇట్టాగే అన్నీ అంచు మీద ఉన్నాయంటే నేను మొదట వంటింట్లోనే మొదలుపెట్టాను, అది చెప్తాను. రోజుకి ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములు అంటే ఒక టీ స్పూను లోపు, అది కూరలోదీ పచ్చడిలోదీ మజ్జిగలోదీ అన్నీ కలిపి. మన ఇళ్ళల్లో ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయలు, అప్పడాలు ఇవన్నీ పెట్టుకుని మళ్ళీ పెరుగన్నంలో ఉప్పేసుకుంటాం, అప్పుడు లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూడండి. పచ్చడి మానేయమని మా వారికి చెప్తే ఇంట్లో గొడవే, అందుకని పచ్చళ్ళు వారానికి రెండు రోజులు అని పెట్టుకున్నాం, మిగతా రోజుల్లో రోటి పచ్చడి అప్పటికప్పుడు ఉప్పు తక్కువేసి చేస్తాను, పెరుగన్నంలో ఉప్పు పూర్తిగా మానేశాం. ఉప్పు తగ్గించిన మొదటి మూడు వారాలు చప్పగా అనిపించింది, తర్వాత అలవాటయ్యింది, ఇప్పుడు హోటల్ సాంబారు ఉప్పగా ఉంటోంది మాకు.

ట్రైగ్లిజరైడ్స్ కి నూనె కంటే ముందు తెల్లన్నం, స్వీట్లు, మద్యం చూడాలని మాకు డాక్టరుగారు చెప్పారు. మా వారు మధ్యాహ్నం మూడు సార్లు అన్నం పెట్టించుకునేవారు, ఇప్పుడు ఒకసారి అన్నం, పక్కన కూర ఎక్కువ, పప్పు ఎక్కువ, రాత్రి జొన్నరొట్టె. మూడు నెలల్లో 240 ఉన్నది 165 కి వచ్చింది. యార్డు దగ్గర టీ కొట్లో ప్రతి టీకి ఎంత పంచదార పడుతుందో అది కూడా ఒకసారి లెక్కేసుకోండి.

ఇంకొకటి ఇక్కడి అక్కలకోసం. ఈ లెక్క మగవాళ్ళకే అనుకుంటాం. కడుపుతో ఉన్నప్పుడు నాకు బీపీ వచ్చింది, కాన్పయ్యాక తగ్గిపోయింది కదా అని మర్చిపోయాను. అలా వచ్చినవాళ్ళకి, గర్భంలో షుగరు వచ్చినవాళ్ళకి తర్వాత్తర్వాత గుండెజబ్బు ప్రమాదం ఎక్కువంట, నెలసరి ఆగాక ఇంకా పెరుగుతుందంట. నలభై దాటాక ఎవరూ అడక్కపోయినా డాక్టరుకి మనమే చెప్పాలి ఆ సంగతి.

మిర్చికొట్టు_గుమాస్తా:

అందరికీ పేరుపేరునా నమస్కారాలండి. తమ్ముడూ మీ అన్నయ్య సంగతి రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను, ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మీరు సోడా తెచ్చినప్పుడు అది గుండె నొప్పి అని మీకు తెలియదు కదా, మనసులో పెట్టుకోవద్దు. నాన్న సంగతి నేను డాక్టరుగారికి చెప్పలేదు, ఆయన అడిగారు ఇంట్లో ఎవరికన్నా ఉందా అని, నేను "అమ్మకి లేదండి" అని ఊరుకున్నా, ఎందుకో నోరు రాలేదు.

2.9 ని 2.4 తో 1.9 తో గుణించి చూశాను సార్, నిజమే, 13 వచ్చింది. పాతికేళ్ళుగా టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్కలు రాస్తున్నా, ఇంట్లో లెక్క ఇట్టా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో మూడు అడుగుతాను ఏమనుకోవద్దు. బీపీ ఆస్పత్రిలో ఒక్కసారే చూశారు, అది నమ్మొచ్చా? మా కొట్లో ఒకాయన గుండెకి మంచిదని రోజూ ఆస్ప్రిన్ వేసుకుంటున్నాడు, నేనూ వేసుకోవాలా? వాకింగ్ ఎప్పుడు చెయ్యాలి, సీజన్లో పొద్దున్నే యార్డులో ఉండాలి, ఎండలు చూస్తే అట్టా ఉన్నాయి.

ఫిజీషియన్_బెజవాడ:

నాన్నగారి సంగతి ఈసారి మొదటి మాటగా చెప్పండి.

బీపీ ఒక్కసారి చూసి నిర్ధారించకూడదు, ఇంట్లో చూసుకోండి. చేతికి పట్టీ చుట్టే డిజిటల్ మిషన్ కొనుక్కోండి, మణికట్టుది వద్దు. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ లేకుండా, ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, మాట్లాడకుండా, పొద్దున రెండుసార్లు సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు తీస్తే 135/85 కన్నా తక్కువుంటే అది నార్మల్ కిందే, ఎక్కువుంటే బీపీ ఉన్నట్టే. ఈ వారం మందు ఆపి చూడకండి, మొదలెట్టి ఉంటే వేసుకుంటూనే చూడండి.

ఆస్ప్రిన్ వద్దు. గుండెపోటు వచ్చినవాళ్ళకి, స్టెంట్ వేసినవాళ్ళకి అది ప్రాణం కాపాడే మందు, కానీ ఏమీ రానివాళ్ళు రోజూ వేసుకుంటే వచ్చే లాభం చిన్నది, కడుపులోనో మెదడులోనో రక్తస్రావం అయ్యే ప్రమాదం దాన్ని చాలావరకు తినేస్తుందని 2018 లో వచ్చిన మూడు పెద్ద ట్రయల్స్ చూపించాయి. మీ కొట్లో ఆయన ఎవరు రాస్తే వేసుకుంటున్నారో కనుక్కోండి.

నడక వారానికి 150 నిమిషాలు, రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం. సీజన్లో పొద్దున కుదరకపోతే రాత్రి భోజనానికి ముందు ఎన్టీఆర్ స్టేడియంలో నడవండి, అరగంట ఒకేసారి కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు నడిచినా లెక్కే. నడుస్తుంటే ఛాతీలో బరువు వచ్చి ఆగితే తగ్గుతోందంటే మాత్రం అక్కడితో ఈ చార్టులన్నీ పక్కన పెట్టేసి అదే రోజు డాక్టరుని కలవండి, కూర్చున్నా తగ్గకపోతే 108.

ఒక పరీక్ష అడిగి చేయించుకోండి, లైపోప్రోటీన్ ఏ అంటారు, మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో ఉండదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో మారదు, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే మిగతావన్నీ ఇంకా గట్టిగా దించుకోవాలి. మీ ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే సరిపోతుందా, 70 లోపుకి తేవాలా అన్నది దాన్ని బట్టి, నాన్నగారి చరిత్రని బట్టి మీ డాక్టరుగారు నిర్ణయిస్తారు. మీకు తోబుట్టువులుంటే వాళ్ళకీ ఈ పరీక్షలన్నీ చేయించండి.

మిర్చికొట్టు_గుమాస్తా:

పన్నెండు రోజులయ్యింది, అప్‌డేట్ పెడుతున్నా. టాబ్లెట్లు రెండూ మొదలెట్టాను. బీపీ మిషన్ కొన్నాను, మందు వేసుకుంటూ వారం సగటు 134/84 వచ్చింది. సిగరెట్ మానేసి తొమ్మిది రోజులు, మొదటి నాలుగు రోజులు తల పగిలిపోయింది, కొట్లో టీ టైంకి చెయ్యి జేబులోకే పోతుంది, ఇప్పుడు జేబులో సోంపు పెట్టుకుంటున్నా. ఇంట్లో పెరుగన్నంలో ఉప్పు ఆపాం, పద్మ చెల్లెమ్మ చెప్పింది నిజమే, ఇంకా చప్పగానే ఉంది.

నిన్న మళ్ళీ డాక్టరుగారి దగ్గరికెళ్ళి నాన్న సంగతి మొదట చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి ఇది ముందే చెప్పాల్సింది కదయ్యా అన్నారు, స్టాటిన్ డోసు పెంచారు, ఆరు వారాల తర్వాత మళ్ళీ కొలెస్ట్రాల్ చూద్దాం అన్నారు. మా తమ్ముడికి 41, నరసరావుపేటలో ఉంటాడు, వాడు ఎప్పుడూ ఏ టెస్టూ చేయించుకోలేదు, ఈ ఆదివారం వాడినీ మా బావనీ కూడా ల్యాబ్ కి తీసుకెళ్తున్నా, బావ ఇంకా ఊగుతున్నాడు కానీ అక్క ఒప్పించింది. లైపోప్రోటీన్ ఏ కి నిన్నే రక్తం ఇచ్చాను, బుధవారం రిపోర్టు ఇస్తామన్నారు, రాగానే ఇక్కడ పెడతాను సార్.